గుర్రాలు నేల మీద నిలబడటం లేదు, ఆయిల్ పెయింటింగ్ తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

నమస్కారమండీ. మాది హైదరాబాద్, మలక్‌పేట. రేస్‌కోర్సు దగ్గరే ఇల్లు కాబట్టి చిన్నప్పటి నుంచి గుర్రాలంటే ప్రాణం. నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకి ఇద్దామని 24×36 అంగుళాల కాన్వాస్ మీద గోల్కొండ వైపు బండరాళ్లు, సాయంత్రం ఎండ, ముందు రెండు ఎర్రగుర్రాలు వేస్తున్నాను.

రాళ్లు, ఆకాశం బాగానే వచ్చాయి. అవి ఆరాక మూడు వారాలకు గుర్రాలు వేశాను. ఇప్పుడు చూస్తే కాగితం కత్తిరించి అతికించినట్టున్నాయి! ఒంటికి బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టి గోధుమ రంగు) వాడాను. నీడల్లో ఐవరీ బ్లాక్ కలిపితే పొట్ట కింద భాగం బొగ్గులా చచ్చుబడిపోయింది. నలుపు మానేసి అల్ట్రామెరైన్ నీలం కలిపితే నీడకు ప్రాణం వస్తుందా? వీపు మీద ఆకాశం నీలం, పొట్ట కింద మట్టి రంగు కాస్త పడాలి అనిపిస్తోంది, కానీ ఎంత వేయాలో తెలియడం లేదు.

అన్నిటికన్నా టెన్షన్ గిట్టల దగ్గరే. గడ్డి ముందు వేసి దాని మీద గిట్టలు వేశాను, అందుకే గాల్లో తేలుతున్నాయేమో. పైనుంచి నాలుగు గడ్డిపోచలు లాగితే సరిపోతుందా, కింద నీడ కూడా మళ్లీ వేయాలా?

ఇంకొకటి. కింది పొరల్లో రంగును పలచన చేసే టర్పెంటైన్ ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ లిన్సీడ్ నూనె పెంచాలని తెలుసు. ఐవరీ బ్లాక్ అసలే మెల్లగా ఆరుతుంది, పైగా వానాకాలం. ఆ నీడలను గీకేయాలా, ఆరనిచ్చి పైన వేయాలా? పుట్టినరోజుకి ఇంకా రెండు నెలలుంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.