బొమ్మలు కథనే తిరిగి చెబుతున్నాయి: పిల్లల బొమ్మల పుస్తకాన్ని ఎలా సరిదిద్దుకోవాలి?

ప్రశ్న

అయిదారేళ్ల పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం తయారుచేస్తున్నాను. కథా, బొమ్మలూ రెండూ నావే. గొడుగు పోగొట్టుకున్న ఒక పాప, కనబడిన ప్రతివారినీ అడుగుతూ దాన్ని వెతుక్కోవడం ఇందులోని కథ. రాసేసరికి 1,400 మాటలు వచ్చాయి. తొమ్మిది బొమ్మలు రంగులతో సహా పూర్తిచేసి వరసగా పరిచి చూసుకుంటే, విడివిడిగా బాగానే ఉన్నా, "పాప మంచం కింద చూసింది" అన్నచోట మంచం కిందికి వంగిన పాప, "పాప ఏడ్చింది" అన్నచోట ఏడుస్తున్న పాప తప్ప వాటిలో మరేమీ లేదని అర్థమైంది. పైగా మొదటి బొమ్మలోని పాపకూ తొమ్మిదో బొమ్మలోని పాపకూ పోలిక కుదరలేదు. ఎన్ని పేజీలు ఉండాలో, అక్షరాలు ఎక్కడ పెట్టాలో ఇంకా నిర్ణయించుకోలేదు. ఎక్కడినుంచి సరిదిద్దుకుంటూ రావాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ముందుగా రంగులు పక్కన పెట్టి పేజీల లెక్క తేల్చుకోండి. అచ్చు కాగితాన్ని మడిచి కోస్తారు కనుక పేజీలు ఫారాల (ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీల కట్టల) లెక్కన వస్తాయి; 16 పేజీల ఫారాలు రెండు కలిస్తే 32 పేజీలు, బొమ్మల పుస్తకాలకు బాగా అలవాటైన కొలత అదే. మొదటి పేజీకి పుస్తకం పేరు, 2, 3 పేజీలకు ప్రచురణ వివరాలు, అంకితం పోతే, 4-5 నుంచి 30-31 వరకు మీ చేతికి 14 జంట పేజీలు (పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనబడే రెండేసి పేజీలు), చివర ఒక విడి పేజీ మిగులుతాయి. కథ ఆ పద్నాలుగింటిలో ఇమడాలి.

తెల్ల కాగితాలు ఎనిమిది తీసుకుని, అన్నిటినీ కలిపి మధ్యకు మడిచి పిన్ను కొట్టండి. 32 పేజీల డమ్మీ, అంటే ఉత్తుత్తి నమూనా పుస్తకం, తయారవుతుంది. అందులో పెన్సిలుతో, పుల్లబొమ్మలైనా సరే, కథ మొత్తం గీసి పేజీలు తిప్పుతూ పైకి చదవండి. కుడి పేజీ చివర ప్రశ్న మిగిలి, తిప్పిన తరువాతే జవాబు దొరికితే చదివించే బలం దానంతట అదే వస్తుంది. "ఎవరది?" అన్న మాటా, తలుపు వెనక ఉన్న మనిషీ ఒకే జంట పేజీలో ఉంటే ఆ ప్రశ్నకు విలువ లేదు. ఇది తెరమీద చూస్తే తెలియదు, చేత్తో తిప్పితేనే తెలుస్తుంది.

రెండవ జవాబు

పై సలహా సరైనదే, కానీ మీ అసలు బాధ పేజీలది కాదని నా అభిప్రాయం. బొమ్మ చూపించగలిగిన ప్రతి సంగతినీ వాక్యం నుంచి తీసేయండి; పాప గౌను రంగు, గదిలో ఉన్న మంచం, బయట కురుస్తున్న వాన మాటల్లో ఉండనవసరం లేదు. ఆ తరువాత బొమ్మకు మాటలు చెప్పని పని ఒకటి అప్పగించండి. ఉదాహరణకు గొడుగును ఈడ్చుకుపోతున్న పిల్లి ప్రతి పేజీలోనూ ఒక మూల కనబడుతూ ఉండి, కథలో మాత్రం దాని ఊసే లేకపోతే, పాపకు తెలియనిది తమకు తెలిసిందన్న గర్వంతో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. అప్పుడు "ఎక్కడా లేదు" అనే చిన్న వాక్యం కూడా నవ్వు పుట్టిస్తుంది.

ఇలా చేస్తే 1,400 మాటలు 500కు దిగిరావచ్చు. అయితే ఒకరు చదువుతుంటే పిల్లలు వినే పుస్తకం ఇది కనుక, పాప అడిగే ప్రశ్న ప్రతిచోటా ఒకే తీరులో మళ్లీ మళ్లీ వస్తే దాన్ని మాత్రం కత్తిరించకండి. పిల్లలు గొంతు కలిపేది అక్కడే.

పోలిక విషయానికి వస్తే, పాపను ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, కూర్చున్నట్టు, పరిగెత్తుతున్నట్టు ఒకే కాగితం మీద గీసి, తల ఎత్తుకు శరీరం ఎన్ని రెట్లు ఉందో రాసుకోండి. చిన్నపిల్లల శరీరం దాదాపు అయిదారు తలల ఎత్తే ఉంటుంది. పెద్దవారి కొలతలు చేతికి అలవాటైపోయి, బొమ్మ బొమ్మకూ మీ పాప పొడుగవుతూ ఉండవచ్చు.

మూడవ జవాబు

అచ్చు వైపునుంచి కొన్ని మాటలు. జంట పేజీ మొత్తాన్ని ఆక్రమించే బొమ్మలో పాప ముఖం నడిమి మడతలో పడకూడదు. జిగురు బైండింగులో ఆ భాగం మరింత లోపలికి పోతుంది. అంచులదాకా రంగు ఉండే బొమ్మను కోత కొలతకన్నా నలువైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయాలి. జంట పేజీ వెడల్పు 40 సెంటీమీటర్లయితే, అంగుళానికి 300 చుక్కల లెక్కన అడ్డంగా సుమారు 4,800 పిక్సెళ్లు కావాలి. తెరమీద మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులు నాలుగు రంగుల సిరాలు కలిపి వేసే అచ్చులో చప్పబడతాయి కనుక ముందే ఒక నమూనా తీయించి చూసుకోవడం మంచిది.

అక్షరాలను బొమ్మలో కలిపేయకుండా వేరే పొరలో, ఒక్క నలుపు సిరాతోనే ఉంచండి. తరువాత మరో భాషలో వేయాలన్నా నలుపు సిరాకు వాడే ఆ ఒక్క ప్లేటు (అచ్చు రేకు) మారిస్తే చాలు. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకి, కూడబలుక్కుని చదివే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల అమరికను విడిగా ఎంచుకోకపోతే ఒత్తులు ఊడి పక్కకు వస్తాయి. అచ్చుకు పంపే ఫైలును ఒకసారి అక్షరం అక్షరం చదవండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి డమ్మీ చేశాను. పూర్తిచేసిన తొమ్మిది బొమ్మల్లో మూడింటిలో పాప ముఖం సరిగ్గా మడతలోనే పడుతోంది, నాలుగు బొమ్మలు ఒకే సంగతి చెబుతున్నాయి. పిల్లిని పెట్టడానికి ఖాళీ ఉన్నవి రెండే. ఆ రెండింటినీ ఉంచుకుని, మిగిలినవి పెన్సిలుతో మళ్లీ మొదలుపెడుతున్నాను.