రోజుకు 1 గ్రాము ముర్రుపాల క్యాప్సూల్స్‌తో మనుషులకు మేలు జరుగుతుందనే ఆధారం ఉందా?

న్యూట్రిషన్, గ్యాస్ట్రో రంగాల వారు దయచేసి చెప్పండి. ఆవు ముర్రుపాల సప్లిమెంట్ల ప్రచారంలో చూపించే ప్రయోగాల మోతాదుకీ, సీసాలో అమ్ముతున్న మోతాదుకీ పొంతన కుదరడం లేదు.

2011 నాటి ఒక ప్రయోగంలో 12 మందికి 14 రోజులపాటు రోజుకు 20 గ్రాముల పొడి ఇచ్చారు. తీవ్ర వ్యాయామం తర్వాత పేగు గోడ లీకేజీ మామూలుగా రెండున్నర రెట్లు పెరిగితే, ముర్రుపాలతో ఆ పెరుగుదల దాదాపు 80 శాతం తగ్గింది. జలుబు, గొంతునొప్పి విషయంలో 2016లో 5 ప్రయోగాలను కలిపి చూస్తే లక్షణాలున్న రోజులు తగ్గాయి. అయితే వాళ్లంతా వ్యాయామం చేసేవాళ్లే, మోతాదూ 10 గ్రాములు లేదా ఆపైనే. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్‌లో 20 గ్రాములంటే 40 మింగాలి! రోజుకు రెండు క్యాప్సూల్స్‌తో (1 గ్రాముతో) ఏం ఒరుగుతుంది? వ్యాయామం చేయని పెద్దలపై ఆ తక్కువ మోతాదుతో ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర)తో పోల్చి చూసిన ప్రయోగం ఏదైనా తెలుసా?

ఇంకొకటి, లేబుల్‌పై ఐజీజీ (ముర్రుపాలలోని ప్రధాన యాంటీబాడీ) శాతాన్ని ఏ పరీక్షతో కొలిచారో ఎలా అడగాలి? నైట్రోజన్ ఆధారంగా మొత్తం ప్రొటీన్‌ను లెక్కిస్తే వేడికి చెడిన ప్రొటీన్ కూడా కలిసిపోతుంది. రేడియల్ ఇమ్యునోడిఫ్యూజన్ (చెడిపోని యాంటీబాడీని నేరుగా గుర్తించి కొలిచే పద్ధతి) లాంటి పరీక్ష రిపోర్టు అడిగితే సరిపోతుందా? (ఆవిరిపై ఉడికించిన జున్నులో ఆ యాంటీబాడీలు చాలావరకు చెడిపోతాయి కాబట్టి దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు.)

పాల అలర్జీ ఉన్నవాళ్లు వాడకూడదని తెలుసు. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు ముర్రుపాలలో ఉండే ఐజీఎఫ్-1 (ఒక గ్రోత్ ఫ్యాక్టర్) కారణంగా ప్రపంచ యాంటీ-డోపింగ్ సంస్థ (వాడా) దీన్ని నిషేధించకపోయినా వద్దనే సలహా ఇస్తోంది. మీ దగ్గరికొచ్చే క్రీడాకారులకు ఏం చెబుతున్నారు?