గుజ్జు అరిగిందన్న భయం నొప్పిని పెంచుతుందా?

పర్లాకిమిడి కోడలు:
మా అత్తగారికి 61 ఏళ్లు. మోకాలి ఎక్స్‌రే చూసిన డాక్టరు "గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, నడక తగ్గించండి" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ మెట్లు దిగడం మానేశారు. కత్తిపీట ముట్టుకోవడం లేదు. గుడికి నడిచి వెళ్లొచ్చే మనిషి ఇప్పుడు వాకిట్లోకి రావాలన్నా గోడ పట్టుకుంటున్నారు. మా మరిది "నొప్పి కంటే భయమే ఎక్కువ" అంటాడు. అది విని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఎవరి మాట నిజం?

గుణుపురం మాస్టారు:
మీ మరిదిని ఆ మాట అనొద్దని చెప్పండమ్మా. మా రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పిల్లలున్నారు. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకు అడ్డుపడితే ఎముకల్లో నొప్పి మెలిపెట్టేస్తుంది. చాలాసార్లు పైకి ఏమీ కనపడదు. మా బడిలో ఒక కుర్రాడు బెంచీ మీద ముడుచుకుపోతే "పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలు" అన్నారు. నొప్పి నమ్మకంలో ఉందని ఒప్పుకుంటే రేపు ప్రతి రోగికీ అదే జవాబు చెబుతారు. అయినా నొప్పి ఎక్కువున్నవాళ్లే కదా ఎక్కువ భయపడేది!

బరంపురం ఫిజియో:
వేషం అన్నవాళ్లది ముమ్మాటికీ తప్పే మాస్టారూ. నొప్పి ఎక్కువైతే భయం పెరుగుతుందన్నదీ నిజమే. అయితే భయం కూడా ఊరుకోదు. హోవర్డ్ లెవెంతల్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పాడు: ఇదేం జబ్బు, ఎందుకొచ్చింది, ఎన్నాళ్లుంటుంది, నన్నేం చేస్తుంది, నా చేతిలో ఏముంది అని రోగి తనకు తాను చెప్పుకునే జవాబులను బట్టే నడుచుకుంటాడని. "ఇక తగ్గదు, కదిలితే ఇంకా అరుగుతుంది" అనుకున్న మనిషి కదలడు. తొడ కండ సన్నబడుతుంది, మోకాలికి ఆసరా తగ్గుతుంది, నొప్పి పెరుగుతుంది.

ఎక్స్‌రే, స్కాన్ ఫోటోల్లో కనిపించే అరుగుదలకూ నొప్పికీ లెక్క సరిపోదు. నడుము సంగతే చూడండి. 2015 నాటి ఒక పరిశోధనల సమీక్షలో, అసలు నొప్పే లేనివాళ్లలో 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ అరుగుదల కనిపించింది. మోకాలి గుజ్జుకైతే రక్తనాళాలే ఉండవు, కీలు కదిలితేనే దానికి పోషణ.

అమ్మా, అత్తగారికి భయం వద్దని చెప్పకండి. "నొప్పి ఉంది, నాకు తెలుసు. మెల్లగా కదిలితే కీలు పాడవదు" అనండి. ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. మోకాలు ఎర్రబడి వేడిగా ఉబ్బినా, జ్వరం వచ్చినా, పడిపోయాక కాలు మోపలేకపోయినా మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

పర్లాకిమిడి కోడలు:
మీరు చెప్పినట్టే మొదలుపెట్టించాను, సాయంత్రానికి కాస్త సలుపుతోంది అన్నయ్యా. అరిగిపోతున్నట్టేనా?

బరంపురం ఫిజియో:
కాదమ్మా. మర్నాటికి మామూలైపోతే పర్వాలేదు. అలాగే ఉంటే మరుసటి రోజు కాస్త తగ్గించండి, మానొద్దు.

గుణుపురం మాస్టారు:
ఇది బాగుంది. కానీ ఆవిడకా భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్స్‌రే చేతిలో పెట్టి ఒక్క ముక్కలో తేల్చేసిన చోటి నుంచే కదా. రోగి నమ్మకాన్ని సరిదిద్దే పని ఇంట్లో ఆడపిల్ల నెత్తిన పడింది. అక్కడే రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పొచ్చుగా! మీ వృత్తివాళ్లు ఆ డాక్టర్లతో ఈ మాట ఎప్పుడు మాట్లాడతారు?