అమ్మ ఏడవడం డిప్రెషనేనా? మీ ఇళ్ళల్లో ఎలా బయటపడింది?

ఉప్పల్_పిల్ల:
మా అమ్మ నెమ్మదస్తురాలు, నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు, అలాంటిది ఈమధ్య సీరియల్ చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది, కుక్కర్ విజిల్ వేసినా చిరాకే. డిప్రెషన్ అంటే మొద్దుబారిపోతారు అంటారు కదా, ఇదేంటి రివర్స్‌లో?

బోడుప్పల్_బావ:
మా నాయిన దిగులు అని ఒక్కసారి గూడ అనలే. నడుము నొస్తుంది, ఛాతిల మంట, నిద్ర వడ్తలేదు, గింతే. ఈసీజీ, ఎండోస్కోపీ అన్నీ చేపిచ్చినం, అన్నీ నార్మల్. సైకియాట్రిస్టు అంటే నాకేమన్న పిచ్చా, ఎర్రగడ్డకు తోల్కపోతరా అని ఒకటే లొల్లి. నిద్ర గురించి మాట్లాడి వద్దాం దా అంటే అప్పుడు కదిలిండు.

ఓయూ_సైకాలజీ:
బావ గారు, ఇది మన దగ్గరే కాదు. 1980ల్లో చైనాలోని హునాన్‌లో ఆర్థర్ క్లీన్‌మన్ అనే సైకియాట్రిస్ట్ నరాల నీరసం అని ముద్రపడ్డ 100 మందిని చూస్తే 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి, కానీ వాళ్ళు చెప్పుకున్నది తలనొప్పి, నిద్రలేమి లాంటివే ఎక్కువ.

ఉప్పల్ గారికి: 2007లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, చెన్సోవా-డటన్, జీన్ త్సాయ్ వాళ్ళది. ఏడిపించే సినిమా ముక్క చూపిస్తే డిప్రెషన్ ఉన్న తెల్లవాళ్ళు మామూలు తెల్లవాళ్ళకంటే తక్కువ ఏడ్చారు, తూర్పు ఆసియా మూలాలున్న వాళ్ళలో మాత్రం డిప్రెషన్ ఉన్నవాళ్ళే ఎక్కువ ఏడ్చారు. డిప్రెషన్ అంటే మనసులో ఉన్నది బయటికి చూపించాలి అనే చోట చూపించలేకపోవడం, అణుచుకోవాలి అనే చోట అణుచుకోలేకపోవడం, వాళ్ళ వాదన అది. మనవాళ్ళు ఆ స్టడీలో లేరు, అది గుర్తుంచుకోండి.

కూకట్‌పల్లి_కబుర్లు:
అన్నీ కల్చర్ మీదకి తోసేస్తే ఎలాగండీ. మా అక్క బోనాలప్పుడు డప్పు వినపడితే ఆగేది కాదు, తనకి డిప్రెషన్ వచ్చాక నవ్వూ లేదు ఏడుపూ లేదు, గోడలాగా కూర్చునేది. మనదీ ఆసియానే కదా మరి? ముందు థైరాయిడ్ చూపించండి, దానివల్ల కూడా ఇలాగే ఉంటుంది.

ఓయూ_సైకాలజీ:
థైరాయిడ్ మాట కరెక్ట్. మీ అక్కకి ఇంట్లో ఎవరూ నెమ్మదిగా ఉండు అని చెప్పినట్టు లేరు, ఒకే ఊళ్ళో కూడా ఇంటింటికీ తేడా ఉంటుంది.

ఉప్పల్_పిల్ల:
ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేశా, 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడారు. డాక్టర్‌కి చూపించమన్నారు. అక్కడ ముందు ఏం చెప్పాలి, నొప్పులా, ఏడుపా?

బోడుప్పల్_బావ:
రెండూ చెప్పు చెల్లె. మునుపు ఎట్లుండేదో అది గూడ చెప్పు, లేకుంటే ఎప్పుడూ ఏడ్చే మనిషే అనుకుంటరు.