లిక్విడ్ హైడ్రోజన్‌కి పంపు లేకుండా ఫ్రీ కన్వెక్షన్ సరిపోతుందా?

పట్టాభిపురం_కుర్రాడు:
గుంటూరులో ఎంటెక్ థర్మల్ చేస్తున్నానండి. 10 సెం.మీ. ఎత్తు నిలువు రాగి పలకని లిక్విడ్ హైడ్రోజన్‌లో ముంచి చల్లబరచాలి, అంతా కాగితం మీదే, అసలు హైడ్రోజన్ మాకెవరిస్తారు! దాని ఉష్ణవాహకత చూస్తే 0.1, నీళ్లకేమో 0.6. ఇంత తక్కువైతే ఫ్రీ కన్వెక్షన్ (వేడెక్కిన ద్రవం తేలికై తనంతట తానే పైకి కదిలి వేడిని మోసుకెళ్లడం) ఏం లాగుతుంది, పంపు పెట్టాల్సిందే అంటున్నాడు రూమ్మేట్. సోమవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బాయిలర్:
పెట్టేయ్ బ్రో. థర్మల్ స్టేషన్లలో పెద్ద జనరేటర్లకి హైడ్రోజనే కదా, ఫ్యాన్లు పెట్టి మరీ తిప్పుతారు.

క్రయో_బాబాయ్:
అది గ్యాసండీ బాబూ, ఇక్కడ విషయం 20 కెల్విన్ దగ్గరి ద్రవం. తమ్ముడూ, ఉష్ణవాహకత ఒక్కటే చూసి బెదిరిపోకు. దీని స్నిగ్ధత నీటిలో దాదాపు 70వ వంతు, డిగ్రీకి వ్యాకోచం 0.016 దాకా, అంటే నీటికి సుమారు 80 రెట్లు, కాబట్టి కాస్త వేడి తగిలితే చాలు పైకి పరుగే. నీ పలకకి ఒక్క కెల్విన్ తేడాతో రేలీ నంబర్ (ఫ్రీ కన్వెక్షన్ ఎంత బలంగా ఉంటుందో చెప్పే అంకె) కట్టి చూడు, 600 కోట్ల దాకా వస్తుంది. నీళ్లకి అదే లెక్క 1.4 కోట్లు. 100 కోట్లు దాటితే టర్బులెంటే, అంటే సుడులు తిరిగే ప్రవాహమే. నుసెల్ట్ నంబర్ (ఉత్త వాహకత కన్నా వేడి ఎన్ని రెట్లు పోతుందో) 180 దగ్గర తేలుతుంది, h, అంటే ఉష్ణ బదిలీ గుణకం, సుమారు 190. చదరపు మీటరుకి, కెల్విన్‌కి 190 వాట్లు, పంపు లేకుండా!

పట్టాభిపురం_కుర్రాడు:
థాంక్స్ బాబాయ్! మరి వేడి పెంచుకుంటూ పోతే?

క్రయో_బాబాయ్:
బుడగలొస్తాయి. 1 అట్మాస్ఫియర్ దగ్గర అది మరిగే స్థితిలోనే కూర్చుని ఉంటుంది, పలక ఒకటి రెండు కెల్విన్‌లు ఎక్కువైతే చాలు. బుడగలు మంచివే, వేడిని ఇంకా బాగా లాగుతాయి, కానీ చదరపు సెం.మీ.కి 10 వాట్ల దరిదాపుల్లో ఆవిరి పొర పలకని కప్పేస్తుంది, అక్కడితో నీ కూలింగ్ గోవిందా. బుడగలు వద్దనుకుంటే ప్రెషర్ పెంచు. 3 బార్ దగ్గర మరిగేది 24.6 కెల్విన్‌కి, కాబట్టి నాలుగు కెల్విన్ల వెసులుబాటు దొరుకుతుంది.

బ్రాడీపేట_మెస్:
మధ్యలో వస్తున్నా, హైడ్రోజన్ నుంచి వేడి లాగే కూలర్ ఎక్కడ పెడతావు? పైనే పెట్టాలి. అడుగున పెడితే వేడి ద్రవం పైన తిష్ఠ వేసుకుని దిగదు. రాకెట్ ట్యాంకుల్లో పై పొర వేడెక్కి ప్రెషర్ పెరిగే గొడవ కూడా ఇలాంటిదే. అమెరికాలో ఎన్ఐఎస్‌టీ (ప్రమాణాల సంస్థ) రియాక్టర్ కోల్డ్ న్యూట్రాన్ సోర్స్‌లో, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించే చోట, లిక్విడ్ హైడ్రోజన్ పంపు లేకుండా థర్మోసైఫన్‌తోనే (బరువు తేడాతో దానంతటదే తిరిగే ఏర్పాటు) తిరిగేది, రివ్యూలో అడిగితే అది చెప్పు.

క్రయో_బాబాయ్:
అవును. ఇంకోటి, ప్రాపర్టీలు పారా హైడ్రోజన్ టేబుల్ నుంచే తీసుకో. హైడ్రోజన్ అణువులో రెండు కేంద్రకాల స్పిన్‌లు ఒకే వైపుంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. గది వేడి దగ్గర 75% ఆర్థో ఉంటుంది గానీ 20 కెల్విన్‌లో నిలకడకి వచ్చాక దాదాపు అంతా పారానే.