17 ÷ 5లో భాగఫలం, శేషం రెండూ పూర్ణాంకాలే కదా, మరి సంవృత ధర్మం లేదని ఎందుకంటారు?

ఆరో తరగతి అమ్మ, హన్మకొండ

నమస్తే. పాపది తెలుగు మీడియం. పూర్ణాంకాల పాఠంలో మూడు దగ్గర ఆగింది.

ఒకటి: భాగహారం దృష్ట్యా పూర్ణాంకాలకు సంవృత ధర్మం లేదని పుస్తకంలో ఉంది. "17 ÷ 5 చేస్తే 3, శేషం 2. రెండూ పూర్ణాంకాలే కదా" అంటది. నా దగ్గర జవాబు లేదు.
రెండు: 0 ÷ 4 చెయ్యొచ్చట, 4 ÷ 0 చెయ్యొద్దట. ఎందుకో అర్థమయ్యేట్టు ఎట్ల చెప్పాలి?
మూడు: 100 − 38 + 12కు 50 వేసింది. "బోడ్మాస్‌లో (ఏ లెక్క ముందు చెయ్యాలో గుర్తుంచుకునే మాట) కూడికే ముందు" అని వాదిస్తోంది.

లెక్కల సారు, కాజీపేట

మేడమ్, మొదటిది మంచి ప్రశ్న. చాలామంది పిల్లలకు ఈ అనుమానమే రాదు.

సంవృత ధర్మం ఉండాలంటే ఏ రెండు పూర్ణాంకాలు తీసుకున్నా జవాబు ఒకే ఒక్క సంఖ్య కావాలె, అదీ పూర్ణాంకమే కావాలె. "3, శేషం 2" అనేది రెండు సంఖ్యల జత. పాపతో 11 ÷ 3 కూడా చేయించండి. అక్కడా "3, శేషం 2" ఏ వస్తది. మరి 17 ÷ 5, 11 ÷ 3 సమానమా? మొదటిది 3.4, రెండోది 3.66... అని పోతనే ఉంటది. అంటే ఆ జత భాగహారం విలువ కాదన్నమాట. 17 = 5 × 3 + 2 అని సరిచూసుకునేందుకే అది పనికొస్తది.

తీసివేతలో ఇంకో చిక్కు ఉంది, ఇది మన తెలుగు పేర్లతోనే వస్తది. 5 − 8 = −3. "−3 పూర్ణసంఖ్యే కదా, సంవృతమే" అని రాస్తరు. పూర్ణాంకాలు 0, 1, 2, 3... వరుస. పూర్ణసంఖ్యలల్ల రుణ సంఖ్యలు కూడా ఉంటయి. −3 పూర్ణసంఖ్యే గాని పూర్ణాంకం కాదు. పేర్లు దగ్గర దగ్గరగ ఉన్నయి కాబట్టి నోట్‌బుక్ మొదటి పేజీలోనే రెండు వరుసలూ రాసి పెట్టించండి.

ఒక ధర్మం "లేదు" అని నిరూపించాలంటే అది తప్పిపోయే ఉదాహరణ ఒక్కటి చాలు. అయితే దాన్ని సరిగ ఎంచుకోవాలె. తీసివేతకు సహచర ధర్మం (బ్రాకెట్ ఎక్కడ పెట్టినా జవాబు మారకపోవడం) లేదని చూపేందుకు (12 − 7) − 0, 12 − (7 − 0) రాస్తే రెండు దిక్కులా 5 ఏ. మూడో సంఖ్య 0 అయితే తేడా బయటపడదు. 3 పెట్టండి: (12 − 7) − 3 = 2, 12 − (7 − 3) = 8. భాగహారానికి మూడో సంఖ్యగ 1 పెట్టొద్దు: (24 ÷ 6) ÷ 2 = 2, 24 ÷ (6 ÷ 2) = 8. స్థిత్యంతర ధర్మానికి (సంఖ్యలు అటూఇటూ మార్చినా జవాబు మారకపోవడం) 6 − 6 లాంటి ఒకే సంఖ్యల జత కూడా పనికిరాదు.

సున్నా సంగతి బస్తాలతో చెప్పండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో 12 మిర్చి బస్తాలు ఉన్నయి, ఆటోకు 4 చొప్పున వేస్తే 3 ఆటోలు. బస్తాలే లేకపోతే ఆటోలు అక్కర్లేదు, 0 ÷ 4 = 0. ఇప్పుడు బస్తాలు 12, ఆటోకు 0 చొప్పున. ఎన్ని ఆటోలు వచ్చినా ఒక్క బస్తా కదలదు. వెయ్యి ఆటోలు పిలిచినా అంతే. ఏ సంఖ్యను 0తో గుణించినా 12 రాదు, అందుకే 12 ÷ 0కు జవాబు లేదు.

ట్యూషన్ మేడమ్, కరీంనగర్

మూడోదానికి నేను చెప్తా. బోడ్మాస్ మాటలో కూడిక అక్షరం ముందుంది, అంతే. కూడిక, తీసివేతలది ఒకే హోదా. ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే అది చెయ్యాలి: 100 − 38 = 62, 62 + 12 = 74. భాగహారం, గుణకారాలకూ ఇదే: 24 ÷ 4 × 2 అంటే 12, 3 కాదు. పాప 50 వేసిందంటే, లేని బ్రాకెట్ మనసులో పెట్టుకుని 100 − (38 + 12) చేసిందన్నమాట. ఆ బ్రాకెట్ తనతోనే గీయించండి, తప్పెక్కడో తనకే కనిపిస్తది.

విభాగ న్యాయం (ఒక సంఖ్యను విడగొట్టి, ఒక్కో ముక్కనూ గుణించడం) మాత్రం ధర్మాల పట్టికలో బట్టీ పెట్టించకండి, నోటి లెక్కకు వాడించండి. బస్తా 38 కిలోలు, 25 బస్తాలు అనుకోండి. 38 అంటే 40 − 2. 40 × 25 = 1000, అందులో 2 × 25 = 50 తీస్తే 950 కిలోలు. పిల్లలు జారేది రెండు చోట్ల:

7 × 104ను 7 × 100 + 4 చేసి 704 వేస్తారు. 7తో 4ను కూడా గుణించాలి, 728.

48 ÷ (4 + 2)ను 48 ÷ 4 + 48 ÷ 2 = 36 చేస్తారు. అసలు జవాబు 8. కూడిక భాజ్యంలో ఉంటే విడగొట్టొచ్చు, (48 + 36) ÷ 12 = 4 + 3 = 7. భాజకంలో ఉంటే విడగొట్టొద్దు.

ఆరో తరగతి అమ్మ, హన్మకొండ

11 ÷ 3 చేయించంగానే ఒప్పుకుంది, సార్. బోడ్మాస్ సంగతి ఇంకా కొంచెం మొండికేస్తోంది. కొత్త ప్రశ్న: "మరి 0 ÷ 0? బస్తాలూ లేవు, ఎక్కించేదీ లేదు, 0 ఏ కదా" అంటోంది.

జగిత్యాల, హైస్కూల్ లెక్కలు

సార్ చెప్పిన "ఒకే ఒక్క సంఖ్య" షరతు ఇక్కడ పెట్టి చూడండి అక్కా. ఏ సంఖ్యను 0తో గుణిస్తే 0 వస్తది? 0 అయినా వస్తది, 1 అయినా వస్తది, 950 అయినా వస్తది. 12 ÷ 0కు జవాబు దొరకదు, 0 ÷ 0కు ఏది పెట్టినా సరిపోతది. రెండు రకాలుగానూ ఒక్క జవాబు తేలదు.

పాప అన్నమాట తీసిపారేసేది కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో 0 ÷ 0 = 0 అనే ఉంది. సున్నాతో కూడిక, తీసివేత, గుణకారాలకు ఆయన ఇచ్చిన నియమాలు ఇప్పటికీ నడుస్తున్నయి, ఇది మాత్రం నిలవలేదు. పరీక్షలో మాత్రం "నిర్వచించలేం" అని రాయమనండి. 0 అని రాస్తే మార్కు పోతది.