ఈ వారం సమస్య: కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

నరికేవాడే కాపాడేవాడెలా అవుతాడన్నది చిక్కు. విషయం యోహాను సువార్త 15వ అధ్యాయం: ద్రాక్షావల్లి, తీగెలు, తోటవాడు, క్రీస్తులో నిలిచి ఫలించడం. కొ-కొ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడటం) కుదిరే ఉంది, ఆ దిగులు మీకు లేదు. శ్లేషకు అడ్డు లేదు.

పాతపంతులు:
ఫలము లిచ్చు తీగెఁ బదునైన కత్తితోఁ
దోటవాఁడు కోయు దోరపండ్ల
కొఱకె; తండ్రి చేయు కోతలోఁ బ్రేమయే
కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

నిర్వాహకుడు:
మాస్టారూ, బోణీ బాగుంది. ఫ-బ, తో-దో, కొ-కో, యతులన్నీ చక్కగా పడ్డాయి. "కొఱకె" పాదం దాటి పడినా ఊపు తగ్గలేదు.

చమత్కారి:
నాది వేరే దారి. కోప్పడకండి.

అడవి కేగి కట్టె లమ్మి బియ్యము దెచ్చి
అలసి వచ్చి యింట నాలి కిచ్చు
చెమట నమ్ముకొనుచు జీవించు పేదయౌ
కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

పాతపంతులు:
భలే! కొమ్మంటే స్త్రీ అని కూడా కదా, రెండో కొమ్మ ఇల్లాలా! "చెమట నమ్ముకొనుచు"లో నమ్మడమూ ఉంది, అమ్మడమూ ఉంది. నాకిది తట్టనందుకు అసూయగా ఉంది.

నిర్వాహకుడు:
పూరణ అందంగా ఉంది. విషయమే ఊరు దాటిపోయింది. పైగా ద్రాక్ష కొమ్మ కట్టెలమ్ముకోడానికి పనికిరాదు చమత్కారి గారూ. యెహెజ్కేలు 15లో దేవుడు అడిగేది అదే కదా, ఆ కర్ర మేకు చేయడానికైనా పనికొస్తుందా అని. కాయడానికి తప్ప ఇంకెందుకూ కొరగాని కర్ర అది.

గోదారిగట్టు:
మాస్టారి పద్యం మీద ఒక మాట. ఛందస్సు గురించి కాదు. మా ఆయన పోయినప్పుడు పలకరించడానికొచ్చిన వాళ్ళలో సగం మంది "దేవుడు కత్తిరిస్తున్నాడమ్మా, ఇంకా ఫలించాలని" అన్నారు. వాళ్ళకు కాఫీలిస్తూ విన్నాను. ఆ రోజు నుంచి ఆ అధ్యాయం తెరవబుద్ధి కాలేదు. "కోతలోఁ బ్రేమయే" అన్నచోట మళ్ళీ ఆ మాటే వినబడింది.

పాతపంతులు:
అమ్మా, క్షమించండి. ఆ వచనం మళ్ళీ తీసి చూశాను. "దానిలోని పనికిరాని తీగెలను తీసి పారవేయును" అని ఉంది. మీ ఆయన పనికిరాని తీగె కాదు. నేను ప్రతి కష్టాన్నీ అందులో ఇరికించాను. మూడో పాదం మారుస్తున్నాను:

కొఱకె, కాని యెల్ల గోడు కోతయె గాదు

గోదారిగట్టు:
ఇది చదవగలను మాస్టారూ.

అయ్యగారబ్బాయి:
మా నాన్నగారు సంఘకాపరి, ఆయన్నడిగి రాస్తున్నాను. గ్రీకులో ఆ కోతకు వాడిన క్రియ "కథైరెయ్". శుభ్రం చేస్తాడని అర్థం. మూడో వచనంలో "మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అన్నచోట "కథరోయ్". రెండూ ఒకే కుదురు మాటలు. తెలుగులో వేర్వేరు మాటలయ్యేసరికి ఆ తీగె తెగిపోయింది. ఇంకోటి: 4 నుంచి 10 వచనాల మధ్య "నిలిచి ఉండు" అనే క్రియ గ్రీకులో 10 సార్లు వస్తుంది. మన పూరణల్లో కోతే గానీ నిలవడం ఎక్కడా లేదేమిటి అన్నారు నాన్నగారు.

కొత్తకలం:
వందనాలు. పద్యం రాయడం ఇదే మొదలు. నిలవడం గురించే రాశాను.

క్రీస్తునందు నిలిచి ప్రార్థన చేసిన
కీడు వచ్చెనేని గెలుపు గలుగు
ఎండు తీగెకైన యేసు జీవము నిచ్చు
కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

చమత్కారి:
మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. క్రీ-ప్రా కుదరదు.

కొత్తకలం:
రెండింటిలోనూ రకారం ఉంది కదన్నా?

చమత్కారి:
హల్లు కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. ఈకారానికీ ఆకారానికీ మైత్రి లేదు. "కీర్తించుచుండిన" అని మార్చు, సరిపోతుంది.

కొత్తకలం:
కీర్తించడం వేరు, ప్రార్థించడం వేరు అన్నా. నేను చెప్పాలనుకున్నది ప్రార్థనే.

నిర్వాహకుడు:
పట్టుదల మంచిదే. అయితే ప్రార్థన ఉంచి క్రీస్తును మార్చు. మార్చడమంటే వదలమని కాదులే! "ప్రభువునందు నిలిచి ప్రార్థన చేసిన". ప్ర-ప్రా. నిలిచిలోని "చి" గురువు (రెండు మాత్రల అక్షరం) అవుతుందేమోనని అడుగుతావు, కాదు. తర్వాతి పదం మొదట్లో సంయుక్తాక్షరం వచ్చినా విడి తెలుగు మాట చివరి అక్షరం లఘువుగానే ఉంటుంది.

అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. ఎండిన తీగెలను పోగుచేసి అగ్నిలో పారవేస్తారని ఆరో వచనం. నువ్వేమో ఎండుతీగెకు ప్రాణం పోస్తున్నావు. ఎండితే అయిపోయింది, వాడితే ఆశ ఉంది. అందుకని:

వాడు తీగెకైన వల్లి జీవము నిచ్చు

వా-వ యతి. రసం పంపేది వల్లి. తీగె చేయాల్సిందల్లా అంటుకుని ఉండటం.

కొత్తకలం:
ఒక్క మాట మారితే అగ్నిలోంచి బయటపడ్డాను!

తోటరైతు:
ఆలస్యంగా వచ్చాను. మాది రంగారెడ్డి జిల్లా, నాన్న అనాబ్‌షాహి ద్రాక్ష వేశాడు, నేను థాంసన్ రకానికి మారాను. ముందు ఒక ఫిర్యాదు. ద్రాక్షను ఎవరూ కత్తితో కోయరు, కత్తెరతో కత్తిరిస్తారు. పంతులు గారూ, "పదునైన కత్తెరన్" అంటే గణం కూడా చెడదు. సమస్యలో "నఱుకు" చూసి మా కూలీలు నవ్వుతారు.

మన దగ్గర ఏడాదికి రెండు కొమ్మ కత్తిరింపులు. ఏప్రిల్‌లో కొమ్మల కోసం, అక్టోబర్‌లో కాయ కోసం. మొదటిదాంట్లో కాయ రాదు. పందిరి మోడుబారి ఉంటుంది, దారిన పోయేవాడు తోట పాడైందనుకుంటాడు. అది ఎగ్గొడితే అక్టోబర్ కత్తిరింపుకు సరైన కొమ్మే ఉండదు. కత్తిరించిన మొనల్లోంచి నీరు బొట్లు బొట్లుగా కారుతుంది. పొద్దున్నే పందిరి కింద నిలబడితే చొక్కా మీద పడుతుంది.

చైత్రమందు నొకటి శారదంబున నొండు
రెండు మార్లు కోయ రెమ్మ లేడ్చు
ఏడ్చినట్టి చోటె యెన్ని గుత్తులు గాచు
కొమ్మ నఱుకువాఁడె కొమ్మఁ గాచు

చమత్కారి:
"గాచు" రెండుసార్లు వచ్చింది, పునరుక్తి అందామని చెయ్యెత్తి దించేశాను. మొదటిది కాయడం, రెండోది కాపాడటం. నా కొమ్మ ఓడిపోయింది.

పాతపంతులు:
"రెమ్మ లేడ్చు" దగ్గర ఆగిపోయాను. ఈ వారానికి ఇదే. నా కత్తి తీసి కత్తెర పెట్టుకుంటున్నాను.

గోదారిగట్టు:
తోటరైతు గారూ, ఆ నీరు ఎన్నాళ్ళు కారుతుంది?

తోటరైతు:
కొన్నాళ్ళేనమ్మా. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తాం. కొమ్మ మీది కళ్ళు (మొగ్గలు) విప్పుకొని చిగురు మొదలయ్యాక అదే ఆగిపోతుంది. మనం ఆపేది ఏమీ ఉండదు.

నిర్వాహకుడు:
కొత్తకలం, సవరించిన పద్యం మొత్తం ఒకసారి కలిపి పెట్టు. వచ్చే వారం కందం, ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) కూడా ఉంటుంది, జాగ్రత్త.

కొత్తకలం:
పెడతానండి. ఆదివారం సంఘంలో కూడా చదువుతా. అక్కడ యతి అడిగేవాళ్ళు లేరు, భయం లేదు.